బాగ్‌నగర్‌లో ఉక్కపోత



పోయిన మే నెలలో ఒక రాత్రి యాకుత్‌పురాలో మా ఖాలమ్మ ఇంట్లో ఉన్నాను. ఇషా నమాజ్ అయి గంట దాటింది. ఇల్లంటే కింద ఒక గది, ఒక వంటగది, పైన రేకుల గది. పగలంతా ఎండకు కాలిన రేకులు అప్పటికింకా పొయ్యి మీంచి దింపిన పెనంలా ఉన్నాయి. ఫ్యాన్ తిరుగుతోంది గానీ ఉన్న వేడిగాలినే అటూ ఇటూ తోస్తోంది. పోనీ కింద వంటగది కిటికీ తెరుద్దామంటే రెండడుగుల దూరంలో పక్కింటి ఏసీ డబ్బా. తలుపు కాస్త తీస్తే చాలు, మొహాన సెగ కొడుతుంది. "ఠండీ హవా ఉనోకు, గరం హవా హమ్‌కు" అంది ఖాలమ్మ నవ్వుతూనే. చల్లగాలి వాళ్ళకీ, వేడిగాలి మనకీ. పక్కింటాయన మీద ఆమెకు కోపమేం లేదు. ఆయన వాలిద్‌కు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఏసీ ఆ ముసలాయన కోసమే పెట్టించారు.

తన బచ్‌పన్‌లో ఇదే జాగాలో పెద్ద సెహన్ ఉండేదని ఖాలమ్మ చెబుతుంది. మధ్యలో వేపచెట్టు. అసర్ నమాజ్ అవగానే ఆడపిల్లలంతా బిందెలతో నీళ్ళు తెచ్చి సెహన్ అంతా చిడ్కావ్ చేసేవారు. కాలిన బండల మీద నీళ్ళు పడి సుయ్యిమనేవి. మగ్రిబ్ తర్వాత నులక మంచాలు బయటికొచ్చేవి. ఒక మూల ఇసుకలో రంజన్, దాని చుట్టూ తడిగుడ్డ.

"అప్పుడు గర్మీ లేదా ఖాలమ్మా?" అని అడిగాను.

"ఎందుకు లేదు బేటా? ఉండేది. కానీ రాత్రికి వెళ్ళిపోయేది. ఇప్పుడు వెళ్ళట్లేదు."

ఆ మాట నన్ను పట్టుకుంది. ఒక షహర్ తన పగటి వేడిని రాత్రికి ఎలా సాగనంపేది, ఆ హునర్ ఎప్పుడు ఎలా పోగొట్టుకుంది? ఈసారి ఆ తారీఖ్ రాద్దామనుకున్నాను. సుల్తానుల జంగులు, తఖ్తుల గురించి చాలామంది రాశారు. నీడ గురించి, నీళ్ళ గురించి రాసినవాళ్ళు తక్కువ.

మన షహర్ పాత పేర్లలో బాగ్‌నగర్ ఒకటి. భాగమతి కథను నమ్మేవాళ్ళు భాగ్‌నగర్ అంటారు, ఆ బహస్ ఇక్కడ వద్దు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచ్ వ్యాపారి తావర్నియే మాత్రం బాగ్ అంటే తోట అనే అర్థంలోనే ఆ పేరు రాసుకున్నాడు. ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో చార్మినార్ కట్టించి కొత్త షహర్‌కు బునియాద్ వేసినప్పుడు నక్షా బాధ్యత పేష్వా మీర్ మోమిన్‌ది. ఆయన ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వచ్చినవాడు. ఎండ, ధూళి, నీటి కరువు తెలిసిన ముల్క్ అది. అక్కడి జనానికి తోట అంటే షోకు ఒక్కటే కాదు, బతకడానికి చేసుకునే ఇంతెజామ్ కూడా.

ఇంకో సంగతి గమనించండి. షహర్ కంటే ముందు నీళ్ళొచ్చాయి. హుస్సేన్ సాగర్ తవ్వించింది 1562 ప్రాంతంలో, ముహమ్మద్ కులీ వాలిద్ ఇబ్రహీం కులీ కాలంలో. అంటే చార్మినార్‌కు దాదాపు ముప్పై ఏళ్ళ ముందు. పని చూసింది హుస్సేన్ షా వలీ. చార్‌కమాన్ నడుమ గుల్జార్ హౌజ్ ఇప్పటికీ ఉంది. ఆటోల హారన్ల మధ్య దాన్ని ఎవరూ తలెత్తి చూడరు. నాలుగు దారులు కలిసే చోట నీళ్ళు ఎగజిమ్మే హౌజ్ పెట్టాలని అనుకున్నవాళ్ళకు బజారులో నిలబడే మనిషి ఒళ్ళు గురించి ఫికర్ ఉండేదన్నమాట.

తోటలూ బావులూ పోయినా పేర్లు మాత్రం బస్సు బోర్డుల మీద మిగిలాయి. బషీర్‌బాగ్, జాంబాగ్, కుందన్‌బాగ్, బాగ్‌లింగంపల్లి. పుత్లీ బౌలి, దూధ్ బౌలి, హరి బౌలి, రేతీ బౌలి. చివరికి గచ్చిబౌలి. ఆ చివరి పేరు తలచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, బాధా వేస్తుంది. బావి పేరు పెట్టుకున్న ఆ ఇలాఖాలోనే ఇవాళ నిలువెత్తు అద్దాల మేడలున్నాయి. ఎండను లోపలికి రానిచ్చి, ఆ తర్వాత దాన్ని బయటికి తోడడానికి పగలూ రాత్రీ మిషన్లు నడుపుతారు.

ఇక పాత ఇల్లు చల్లగా ఎందుకు ఉండేది? మన పెద్దవాళ్ళు "బర్కత్ ఉండేది" అని ఊరుకుంటారు. బర్కత్ సరే, దాని వెనక హిసాబ్ కూడా ఉంది. రాయి, డంగు సున్నంతో మూరెడు పైన మందంగా గోడలు కట్టేవారు. పగటి వేడి ఆ గోడ దాటి లోపలికి రావడానికి గంటలు పట్టేది. అది లోపలికి చేరే వేళకు బయట చీకటి పడేది, తలుపులన్నీ సెహన్‌లోకి తెరుచుకునేవి. సెహన్ పైన కప్పు లేదు కాబట్టి బండలు తమ వేడిని నేరుగా ఆకాశానికి వదిలేవి. చల్లబడిన గాలి బరువుగా ఉంటుంది, కిందికి దిగి సెహన్‌లో కూర్చుంటుంది, మెల్లగా దాలాన్‌లోకి, గదుల్లోకి పాకుతుంది. పొద్దున్నే తలుపులూ పరదాలూ వేసేస్తే ఆ చల్లదనం మధ్యాహ్నం దాకా నిలిచేది. వేపచెట్టు, హౌజ్, చిడ్కావ్ అన్నీ ఈ పనిలో మదద్‌గార్లు. ఖాలమ్మ చెప్పిన "రాత్రికి వెళ్ళిపోయేది" అంటే ఇదే.

వట్టివేళ్ళ తడికలు మీలో చాలామందికి తెలుసు. ఉర్దూలో ఖస్ కీ టట్టీ. గుమ్మానికి కట్టి నీళ్ళు కొడితే గాలి దాంట్లోంచి చల్లబడి వస్తుంది. అక్బర్ పాదుషా ఖస్‌తో గదులే కట్టించాడని అబుల్ ఫజల్ ఆయీనె అక్బరీలో రాశాడు. సురేకారంతో నీళ్ళు చల్లబరిచే ఆబ్‌దార్‌ఖానా గురించీ రాశాడు. 1586 నుంచి లాహోర్‌లో దర్బార్‌కు కొండల్లోంచి మంచు వచ్చేదట. అక్కడే ఒక మాట చెబుతాడు: ఎండాకాలంలో అందరూ మంచు వాడతారు, అమీర్లు మాత్రం ఏడాది పొడుగునా వాడతారు. ఆయన తారీఫ్‌గానే రాశాడు గానీ నాకు అందులో వేరే సంగతి కనిపించింది. చల్లదనంలో తరగతులు అప్పుడే మొదలయ్యాయి.

అందుకే పాతకాలమంతా జన్నత్ అని నేను అనను. దేవ్‌డీలో నవాబ్ సాహెబ్ నెత్తి మీద పంఖా ఊగుతుంటే బయట వరండాలో ఎవరో గరీబ్ ఆదమీ కాలికి తాడు కట్టుకుని లాగుతూ ఉండేవాడు. టట్టీల మీద నీళ్ళు కొట్టే భిశ్తీ వీపు మీద తోలు మష్క్ ఉండేది. ఒకరి ఠండక్ ఇంకొకరి పసీనా. ఇంకొక హద్దు కూడా ఉంది. నీళ్ళు చల్లి చల్లబరచడం పొడి గాలిలోనే పనిచేస్తుంది. హైదరాబాద్, కర్నూలు ఎండల్లో భేష్. మచిలీపట్నంలో, విశాఖలో గాలి అప్పటికే తడితో నిండి ఉంటుంది, ఎన్ని టట్టీలు కట్టినా ఉక్క తగ్గదు. ఇవాళ కూలర్ కొనేవాళ్ళు కూడా ఇది గుర్తుంచుకోవాలి.

అయితే దేవ్‌డీ బయట ఉన్నవాళ్ళకు కూడా కొంత చల్లదనం హక్‌గా దొరికేది. బౌలి మెట్ల మీద మధ్యాహ్నం ఎవరైనా కూర్చోవచ్చు. మస్జిద్ హౌజ్ దగ్గర ఎవరైనా మొహం కడుక్కోవచ్చు. సబీల్ దగ్గర నీళ్ళు తాగేవాణ్ని మజ్హబ్ అడిగేవారు కాదు, తెలుగువాళ్ళ చలివేంద్రంలోనూ అంతే. వాలిదా పోయాక ఆమె పేరున ఏ సదఖా మంచిదని సాద్ బిన్ ఉబాదా (ర.అ) అడిగితే ప్రవక్త (స) నీళ్ళు అని చెప్పారు, ఆయన బావి తవ్వించారు. ఈ రివాయత్ వింటూ పెరిగిన జనం స్తోమత ఉంటే బావి తవ్వించేవారు, లేకపోతే కుండ పెట్టేవారు. ఎండ మరీ తీవ్రంగా ఉన్నప్పుడు జుహర్‌ను కాస్త చల్లబడేదాకా ఆపమన్న హదీసు కూడా మీకు తెలిసిందే. ఎండకు తగ్గట్టు పని వేళలు మార్చుకోవాలనే తాలీమ్ మన దగ్గర పద్నాలుగు వందల ఏళ్ళుగా ఉంది. మనం దాన్ని ఫిఖ్హ్ కితాబుల్లోనే వదిలేశాం.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని తీసుకుపోయింది. ఆ ముసీబత్ తర్వాత నిజాం హుకూమత్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహా మీద ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. మధ్యలో ప్లేగు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇరుకు గల్లీలు తీసేసి రోడ్లు వెడల్పు చేశారు, మూసీ ఒడ్డున తోటలు వేశారు, గాలి వెలుతురు వచ్చే ఇళ్ళు కట్టారు. వాళ్ళ ఫికర్ వరద గురించి, బీమారీ గురించి. చల్లదనం గురించి అనుకుని చేయలేదు. అయినా నీళ్ళు, చెట్లు, గాలికి దారి అనే మూడూ వచ్చేసరికి అదీ వచ్చింది.

ఇక్కడే ఒక ఉల్టా సంగతి. ఇంటింటికీ నల్లా వచ్చింది, బౌలి అవసరం తీరింది. అవసరం లేనిది కచ్రా కుండీ అయింది. తర్వాత కొన్నింటి మీద ఇళ్ళే లేచాయి. బన్సీలాల్‌పేట మెట్లబావి అలాగే చెత్త కింద పూడిపోయి ఉంటే తవ్వి తీసి 2022 డిసెంబరులో మళ్ళీ తెరిచారు. కుతుబ్ షాహీ మక్బరాల దగ్గరి బడీ బౌలి 2013 వానల్లో ఒక పక్క కూలిపోయింది. ఆగా ఖాన్ ట్రస్టు దాన్ని రాయి రాయి పేర్చి నిలబెట్టింది. అక్కడి బావుల మరమ్మత్తుకు 2022లో యునెస్కో ఇనామ్ కూడా వచ్చింది. ఎండాకాలం పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. మెట్లు దిగుతుంటే అడుగడుగుకూ గాలి ఎలా మారుతుందో వాళ్ళ ఒంటికే తెలుస్తుంది.

సెహన్లు ఎలా పోయాయో మీలో చాలామందికి సొంత అనుభవమే. 1948 తర్వాత నౌకరీలు పోయాయి, 1949లో జాగీర్దారీ రద్దయింది. దేవ్‌డీలు ముక్కలయ్యాయి. చిన్న ఇళ్ళల్లో అన్నదమ్ముల పంపకాలు. గదులు పంచుకున్నాక మిగిలింది సెహన్, దాన్నీ పంచారు. మధ్యలో గోడ లేచింది. వేపచెట్టు గోడకు అడ్డం వచ్చింది, కొట్టేశారు. తర్వాత కొడుకు నికాహ్‌కు ఒక గది కావాలి, సెహన్ మీద స్లాబు పడింది. ఆ తర్వాత కిరాయికి ఇద్దామని పైన రేకులు. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేం. ప్రతి గదీ ఏదో ఒక జరూరత్‌తోనే లేచింది. కానీ నాలుగైదు అంగుళాల స్లాబు మూరెడు గోడలా వేడిని ఆపలేదు. మధ్యాహ్నమంతా తాగిన ఎండను సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా మన మీద కక్కుతుంది. రేకైతే ఆ మాత్రం కూడా ఆగదు, ఎండ పడిన నిమిషాల్లోనే కింద సెగ. గల్లీలో మట్టి పోయి సిమెంటు వచ్చింది కాబట్టి చిడ్కావ్ చేసినా నీళ్ళు మోరీలోకే.

ఆ రేకుల కింద పగలంతా ఎవరుంటారు? మర్దులు దుకాణానికో ఆటో మీదో వెళ్ళిపోతారు. ఇంట్లో ఉండేది ఆడవాళ్ళు, పసిపిల్లలు, ముసలివాళ్ళు. జర్దోజీ కార్ఖానా అంటే మన మొహల్లాల్లో చాలాసార్లు ఇంట్లోనే ఒక చౌకట్టు. లాడ్ బజారులో తళతళలాడే లక్క గాజులు చాలావరకు ఇలాంటి చిన్న గదుల్లో, నిప్పుల కుంపటి ముందు కూర్చుని చేసినవే. మే నెల మధ్యాహ్నం, పైన రేకు, ఎదురుగా బొగ్గులు. వడదెబ్బ అంటే రోడ్డు మీద పడిపోయినవాళ్ళ లెక్కే పేపర్లో వస్తుంది. ఇంట్లో పడిపోయిన ఆడమనిషిని ఎవరు లెక్కపెడతారు? "బీపీ తగ్గింది" అంటారు, "కమ్‌జోరీ" అంటారు, మర్చిపోతారు.

మరి ఏసీ? దాని తారీఖ్ చిన్నదే గానీ మజేదార్. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చు కార్ఖానాకు చిక్కొచ్చింది. గాలిలో తేమకు కాగితం ఉబ్బి, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా పడటం లేదు. విల్లిస్ క్యారియర్ అనే నౌజవాన్ ఇంజినీరు గాలిలో తేమను అదుపు చేసే మిషన్ రూపొందించాడు. అంటే మొదట చల్లబడింది మనిషి కాదు, కాగజ్. ఇంకా వెనక్కి వెళితే మంచు సౌదా. 1833లో బోస్టన్ నుంచి ఫ్రెడరిక్ ట్యూడర్ అనే ఆయన జహాజులో మంచుదిమ్మలు కలకత్తాకు పంపాడు. దాదాపు 180 టన్నులు బయల్దేరితే దారిలో కరిగింది పోగా 100 టన్నుల వరకు చేరింది. తర్వాత ఆ మంచు కోసమే మద్రాసు సముద్రపు ఒడ్డున ఐస్ హౌస్ కట్టారు, ఆ భవనం ఇప్పటికీ ఉంది. దుకాణంలో "ఒకటిన్నర టన్ను ఏసీ" అంటారే, ఆ టన్ను కూడా మంచు లెక్కే. ఒక టన్ను మంచు ఇరవైనాలుగు గంటల్లో కరగడానికి ఎంత వేడి తాగుతుందో, అంత వేడిని గదిలోంచి లాగే తాకత్ అని.

లాగిన వేడి ఎక్కడికి పోతుంది అనేదే అసలు సవాల్. ఒకటిన్నర టన్నుల ఏసీ గదిలోంచి సుమారు 5 కిలోవాట్ల వేడిని లాగుతుంది. అందుకు ఒకటిన్నర కిలోవాట్ల దాకా కరెంటు తింటుంది. రెండూ కలిపి బయటికి పారేస్తుంది. ఆరు ఇస్త్రీ పెట్టెలు ఒకేసారి వేడెక్కించి పక్కింటి కిటికీ ముందు పెట్టినట్టు. గల్లీలో ఇరవై ఏసీలుంటే? అమెరికాలో ఎడారి షహర్ ఫీనిక్స్ మీద 2014లో ఈ లెక్క కట్టారు. ఏసీలు వదిలే వేడి వల్లే అక్కడ రాత్రి గాలి ఒక డిగ్రీకి పైగా వేడెక్కుతోందట. రాత్రి వేడెక్కితే ఏసీలు ఇంకా ఎక్కువ తిరగాలి, తిరిగితే రాత్రి ఇంకా వేడెక్కుతుంది. ఖాలమ్మకు ఫీనిక్స్ పేరు తెలియదు గానీ సంగతి తెలుసు.

2018లో అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క వేసినప్పుడు దునియాలో 160 కోట్ల ఏసీలు ఉన్నాయి, 2050 నాటికి 560 కోట్లు అవుతాయని అంచనా. మన మర్కజీ హుకూమత్ 2019లో తెచ్చిన కూలింగ్ యాక్షన్ ప్లాన్ ప్రకారం 2017-18తో పోలిస్తే ఇరవై ఏళ్ళలో దేశంలో చల్లదనం గిరాకీ ఎనిమిది రెట్లు పెరుగుతుంది. ఏసీ హరామ్ అన్నట్టు మాట్లాడేవాళ్ళంటే నాకు చిరాకు. డయాలసిస్ మనిషికి, బాలింతకు, పసికందుకు అది షోకు కాదు. మా ఇంట్లోనూ అబ్బా కోసం ఒకటి ఉంది. దాన్ని 24 డిగ్రీల దగ్గర పెట్టి ఫ్యాన్ కలిపి వేస్తాం. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు ఆరు శాతం దాకా మిగులుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతుంది. కొత్త ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 మీదే మొదలవ్వాలని 2020 నుంచి కాయిదా కూడా ఉంది. కానీ రిమోట్ ఒక్కటే షహర్‌ను చల్లబరచలేదు. కొనగలిగినవాడు కొనుక్కుంటే కొనలేనివాడి వాటాకు వేడి వస్తున్నప్పుడు, ఇది ఒక ఇంటి మామ్లా కాదు.

2015 మే నెల గుర్తుందా? రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి దాదాపు 2,000 మంది వడగాలికి చనిపోయారు. ఎక్కువమంది మజ్దూర్లు, ముసలివాళ్ళు. మరుసటి నెలలోనే కరాచీలో, అదీ రమజాన్ మొదటి రోజుల్లో, కరెంటు కోతల మధ్య 1,200 మందికి పైగా పోయారు. మార్చురీల్లో జాగా చాలలేదు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. బీమార్‌కు రోజా విషయంలో అల్లాహ్ ఇచ్చిన రుఖ్సత్‌ను అక్కడి ఉలమా టీవీల్లో మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

అప్పటికే ఒక షహర్ మాత్రం సబక్ నేర్చుకుని ఉంది. అహ్మదాబాద్. 2010 మేలో అక్కడ ఎండ 46.8 డిగ్రీలకు పోయింది, మామూలు కంటే 1,344 మరణాలు ఎక్కువ నమోదయ్యాయి. 2013లో దక్షిణాసియాలోనే మొదటిదిగా వేడి కోసం ఒక ప్లాన్ తయారుచేశారు. అందులో పెద్ద మిషన్లేమీ లేవు. రేపు ఎండ ముదురుతుందంటే ముందురోజే రంగుల హెచ్చరిక, డాక్టర్లకు నర్సులకు వడదెబ్బ మీద తాలీమ్, మధ్యాహ్నం కూడా తోటల గేట్లు తెరిచి ఉంచడం, నీళ్ళ పాయింట్లు, కూలీల పని వేళల మార్పు. నాకు బాగా నచ్చింది ఒక ఆసుపత్రి సంగతి. ప్రసూతి వార్డు పై అంతస్తులో, ఎండకు కాలే స్లాబు కింద ఉండేది. దాన్ని కిందికి మార్చారు. వేడి వల్ల చేర్చాల్సిన పసికందుల సంఖ్య సగానికంటే కిందికి పడిపోయింది. ఖర్చు ఎంత? మంచాలు దింపినంత. ఈ ప్లాన్ వచ్చాక ఏడాదికి వెయ్యికి పైగా మరణాలు తప్పాయని తర్వాత పరిశోధకులు అంచనా కట్టారు. మన రాష్ట్రాలు కూడా తర్వాత ఇలాంటి ప్లాన్లు రాసుకున్నాయి. రాసుకోవడం వేరు, గల్లీ దాకా రావడం వేరు.

కప్పు విషయానికి వస్తే, హజ్‌కు వెళ్ళొచ్చినవాళ్ళను ఒక సంగతి అడగండి. హరమ్ షరీఫ్‌లో మతాఫ్ మీద మండుటెండలో కూడా ఉట్టి కాళ్ళతో నడవొచ్చు. కారణం కింద పరిచిన తెల్ల పాలరాయి, గ్రీసులోని థాసోస్ దీవిది. ఎండను తిప్పికొడుతుంది, తక్కువగా తాగుతుంది. అరఫాత్ మైదానంలో వేల సంఖ్యలో నాటిన వేపచెట్లు కూడా చూసే ఉంటారు, మన సెహన్‌లో కొట్టేసిన చెట్టే అది. అదే మక్కాలో 2024 హజ్‌లో 1,301 మంది చనిపోయారని సౌదీ హుకూమత్ చెప్పింది. హరమ్ దగ్గర 51.8 డిగ్రీలు నమోదైన రోజులవి. పోయినవాళ్ళలో 83 శాతం రిజిస్ట్రేషన్ లేకుండా వచ్చినవాళ్ళు. వాళ్ళకు ఏసీ గుడారం లేదు, ఏసీ బస్సు లేదు, ఎండలో మైళ్ళు నడిచారు. చల్లదనం పర్మిట్ ఉన్నవాళ్ళకే అయితే ఏమవుతుందో దునియా మొత్తం చూసింది.

తెల్ల కప్పు మనకు కొత్తేం కాదు. దాదీమా కాలంలో ఎండలకు ముందు మిద్దె మీద సున్నం కొట్టించేవారు. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 25 గరీబ్ ఇళ్ళ కప్పుల మీద తెల్లటి పొర పరిచి చూశారు. అది లేని ఇళ్ళకంటే లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. ఆ తజర్బా పెరిగి 2023 ఏప్రిల్లో తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ అయింది. 2030 నాటికి ఒక్క హైదరాబాద్ ప్రాంతంలోనే 200 చదరపు కిలోమీటర్ల కప్పు చల్లబరచాలని మక్సద్. మంచిదే. కాకపోతే ఇళ్ళ విషయంలో 600 గజాలు, ఆపైన స్థలం ఉన్నవాటికే తప్పనిసరి, అంతకంటే చిన్నవాటికి ఇష్టమైతేనే. యాకుత్‌పురాలో 600 గజాల ఇల్లు ఎవరికుంది దోస్తులారా? ఇక్కడ అరవై గజాల్లో మూడు కుటుంబాలుంటాయి. చిన్నవాళ్ళ మీద హుకుం రుద్దకపోవడం ఒక రకంగా రహమ్ అనుకోవచ్చు. కానీ బలవంతం వద్దనుకుంటే సున్నం బస్తా అయినా చేతికివ్వాలి కదా. రెండు రోజుల పని, రెండు మూడేళ్ళకోసారి మళ్ళీ కొట్టాలి. కార్పొరేటర్ల దగ్గర మోరీ గురించి అడిగినట్టే దీని గురించీ అడగాలి.

హుకూమత్‌ను అడిగే ముందు మన చేతిలో ఉన్నవి కూడా చూసుకోవాలి. ప్రతి మొహల్లాలో మస్జిద్ ఉంది. మంచి పెద్ద హాలు, ఫ్యాన్లు, చాలాచోట్ల ఏసీలు. జుహర్ అయ్యాక అసర్ దాకా తాళం. ఎండ ముదిరిన ఆ మూడు గంటలూ ఒక దాలాన్ అయినా తెరిచి ఉంచితే రిక్షా తొక్కేవాడు, హమాలీ, ఏ మజ్హబ్‌వాడైనా నడుం వాలుస్తాడు. ఆడవాళ్ళకు పరదాతో ఒక పక్క ఇవ్వొచ్చు. అడిగితే "సామాన్లు పోతాయి" అంటారు కమిటీవాళ్ళు. పోతే చెప్పులు పోతాయి, అవి ఇప్పుడూ పోతున్నాయి. ఖబరస్తాన్లలో, దర్గాల్లో మిగిలిన చెట్లు కూడా అమానతే. పాత షహర్‌లో ఇంత నీడ ఇంకెక్కడ ఉంది? మడిగెల కిరాయి కోసం వాటిని కొట్టేస్తుంటే మన ముతవల్లీలు సంతకాలు పెడుతున్నారు.

పెద్ద ఇమారతులవాళ్ళు చేయాల్సింది వేరే ఉంది. గుజరాత్‌లో గిఫ్ట్ సిటీలో ప్రతి భవనానికీ వేరే ఏసీ ప్లాంటు పెట్టకుండా ఒకేచోట నీళ్ళు చల్లబరిచి గొట్టాల్లో అన్ని ఇమారతులకూ పంపుతారు. ప్యారిస్‌లో అందుకు సీన్ నది నీళ్ళు వాడుకుంటారు. విడివిడి మిషన్లకంటే కరెంటు చాలా తక్కువ పడుతుంది. పదిమందికి ఒక బౌలి ఉన్నట్టే ఇది కూడా. గచ్చిబౌలి పేరుకు మళ్ళీ అర్థం రావాలంటే ఇలాంటిదేదో అక్కడ రావాలి. ఇక ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల వరకు 84 ఊళ్ళల్లో పెద్ద కట్టడాలను ఆపిన 111 జీవో 1996లో వచ్చింది. 2022లో హుకూమత్ ఆ ఆంక్షల్ని ఎత్తేస్తూ ఇంకో జీవో తెచ్చింది. అక్కడ పొలాలూ తోటలూ పోయి స్లాబులు లేస్తే, పడమటి గాలి షహర్‌లోకి రాకముందే వేడెక్కుతుంది. 1908 తర్వాత వందేళ్ళ ముందుచూపుతో చేసిన పని అది, ఒక కాగితంతో పోయేది కాకూడదు.

ఈ రమజాన్‌కు ముందు నేనూ ఖాలమ్మ కొడుకూ కలిసి ఆ రేకుల మీద సున్నం కొట్టాం. సున్నంలో కాస్త జిగురు కలిపాం, లేకపోతే మొదటి వానకే పోతుందన్నారు. ఒక ఆదివారం పట్టింది. ఇప్పుడు మధ్యాహ్నం పైగదిలో కూర్చోవచ్చు, పడుకోవడానికి మాత్రం ఇంకా కాదు. పక్కింటాయనతో ఖాలమ్మే మాట్లాడింది. ఆయన రేకుల పనివాణ్ని పిలిపించి ఏసీ డబ్బా ముందు వంపు తిరిగిన రేకు ఒకటి బిగించాడు. వేడిగాలి ఇప్పుడు కిటికీ మీదికి కాకుండా పైకి పోతోంది. వంటగది కిటికీ చాలా ఏళ్ళ తర్వాత తెరుచుకుంది. ఆ డబ్బా మీద గూడు కట్టిన పావురాలు మాత్రం సెగకు తట్టుకోలేక వెళ్ళిపోయాయని ఖాలమ్మ రోజూ వాటికోసం మిద్దె చివర ఒక మట్టి మూకుడులో నీళ్ళు పెడుతోంది.